అరువు ఎరువు

సోమవారం పొద్దున గ్రామసేవకుడు సుందరరాజు పెట్టుకున్న పనులు మూడే. గడ్డం గీసుకోవాలి, సద్దన్నం తినాలి, అర్ధవీడులోని అద్దెయింటి వసారాలో చాప పరుచుకుని పక్షం రోజుల రిపోర్టు రాయాలి. మొదటి రెండూ పూర్తయ్యాయి. మూడోదాంట్లో 'కంపోస్టు' అన్న గడి దగ్గర కలం ఆపి, ఒక్క నిమిషం పైకి చూసి, 'బోడిగుట్టపల్లె గుంట: ముప్పాతిక నిండినది' అని రాశాడు.

రాష్ట్రం పుట్టి నాలుగో ఏడు నడుస్తోంది. పంచాయతీ సమితులు వచ్చి ఆర్నెల్లయింది. పల్లెల్లో చెత్తంతా వృథాగా పోతోందనీ, దాన్ని గుంటల్లో వేసి కుళ్లబెడితే బంగారంలాంటి ఎరువవుతుందనీ పైనుంచి కాగితాల మీద కాగితాలు వస్తున్నాయి. ఆ కాగితాల ప్రకారమే మాఘమాసంలో సుందరరాజు బోడిగుట్టపల్లె జనం చేత శ్రమదానం చేయించి, ముప్పై అడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతుతో గుంట తవ్వించాడు. ఆ తర్వాత మళ్లీ అటు పోలేదు. పోవడానికి ఏడు మైళ్ల రాళ్ల దారి. అయినా గుంట అన్నాక నిండక ఏం చేస్తుందని అతని నమ్మకం. ఆ నమ్మకంతోనే ఒక రిపోర్టులో పావు అని రాశాడు, తర్వాతి దాంట్లో సగమన్నాడు. రాసిందే మళ్లీ రాస్తే పని జరగడం లేదనుకుంటారు గదా.

సిరా ఆరకముందే సమితి ఆఫీసు ప్యూను గిద్యోను వచ్చి సైకిలు దిగాడు.

"అన్నా, నీ పంట పండింది. కర్నూలు నుంచి జిల్లా కంపోస్టు ఆఫీసరు వస్తావున్నాడు. గురువారం పొద్దున. నీ బోడిగుట్టపల్లె గుంట చూస్తాడంట."

"నాదే ఎందుకు?"

"మిగతా గుంటలన్నీ పావు కాడనే నిలిచిపోయినాయి గదా. నీదొక్కటే నిండుతా పోతాంది. నీ పర్మనెంటు కాగితం గూడా ఆ రోజే తేలుస్తామని బి.డి.ఓ. అన్నాడు."

గిద్యోను మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. సుందరరాజు భార్య ఎలీషబా గ్లాసు తీస్తూ అడిగింది.

"గుంటను మీరు చూసి ఎన్నాళ్లయింది?"

"చూసేదానికేముంది, గుంటే గదా."

"అందుకే అడుగుతాండా" అంది ఆమె.

రెండేళ్లుగా టెంపరరీ ఉద్యోగం. ఎలీషబాకు అయిదో నెల. ఈసారి పర్మనెంటు కాకపోతే సంవత్సరం దాకా ఆ మాటే ఎత్తరు. సుందరరాజు రిపోర్టును జేబులో కుక్కుకుని సైకిలెక్కాడు.

బోడిగుట్టపల్లె చేరేసరికి ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. గుంటకు అడ్డంగా వాసాలు పరిచి, వాటి మీద కంప కప్పి ఉంది. లోపలినుంచి సన్నగా అరుపులు వినపడుతున్నాయి. సుందరరాజు వంగి చూశాడు. గుంటలో ముప్పైకి పైగా గొర్రెపిల్లలు హాయిగా పడుకుని ఉన్నాయి. వాటి మధ్య, వాటి కాపరి కాటమరాజు అనే ముసలాయన కూర్చుని కంబళి కుట్టుకుంటున్నాడు.

"రా నాయనా రా. మంచి దొడ్డి తవ్విపిచ్చినావు. ఎండకు చల్లగా ఉండాది. ఒక్క పిల్ల గూడా ఎగిరి పోలేదు. గవర్మెంటుకు మా జీవాల మీద ఇంత దయ ఉందని అనుకోలేదు."

"తాతా, ఇది కసువు వేసేదానికి తవ్విచ్చిన గుంట!"

"కసువు యాడుంది నాయనా?" అన్నాడు కాటమరాజు నిజంగానే ఆశ్చర్యపోయి. "ఉంటే చూపీ, ఇప్పుడే ఖాళీ చేస్తా."

అదెంత పని అనుకుని సుందరరాజు ఊళ్లోకి నడిచాడు. మొదటి ఇల్లు నాగేంద్రమ్మది. ఆమె వాకిట్లో రోలు కడుగుతోంది.

"అత్తా, మీ ఇంట్లో చెత్త ఏమన్నా ఉంటే..."

నాగేంద్రమ్మ రోలు వదిలేసి నడుముకు చేతులు పెట్టుకుంది. "ఏమన్నావు? నా ఇంట్లో చెత్తా? నేను కాపురానికొచ్చి ముప్పై ఏండ్లయింది. మా అత్త గూడా ఆ మాట అనలేదు. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ముగ్గేస్తే గానీ నోట్లో నీళ్లు పోసుకోను. లోపలికొచ్చి చూడు, గడ్డిపరక కనపడితే అడుగు!"

అతను లోపలికి వెళ్లి చూశాడు. గడ్డిపరక కనపడలేదు. కూరగాయల తొక్కలు మేకకు పోయాయి. పొయ్యిలో బూడిద గిన్నెలు తోమడానికి ఒక కుండలో, మిరపనారు మీద చల్లడానికి ఇంకో కుండలో ఉంది. చిరిగిన చీరలు బొంత అయ్యాయి. ఆ బొంత కూడా చిరిగి, దూడ మీద కప్పే గుడ్డ అయింది. పగిలిన కుండ కోళ్లు నీళ్లు తాగే చిప్పయింది. కిరసనాయిలు డబ్బా మూతకు చిల్లు పొడిచి బుడ్డి చేశారు. రాలిన తలవెంట్రుకల్ని కూడా నాగేంద్రమ్మ చూరులో దోపి ఉంచింది. ఎందుకని అడిగితే, సూదులమ్మే ఆమె వచ్చి వాటికి సూదులిచ్చి తీసుకుపోతుందని చెప్పింది.

ఇక మిగిలినది పేడ, పశువుల కింద ఊడ్చిన గడ్డీగాదం. అది ఇంటి వెనక దిబ్బగా పడి ఉంది. అయితే దాన్ని చెత్త అంటే ఊరుకునేవాళ్లెవరూ ఆ ఊళ్లో లేరు. అది పెంట. మృగశిర కార్తె పది రోజుల్లో ఉంది. తొలకరికి ముందే చేలకు తోలుకోవలసిన పెంట.

సాయంత్రానికి సుందరరాజు నలభై ఇళ్లు తిరిగాడు. నలభై ఇళ్లలోనూ తిట్లు తిన్నాడు. నలభై ఇళ్లలో దొరికిన చెత్త అతని జేబులోని రిపోర్టు ఒక్కటే.

గవర్నమెంటు మనిషి ఎండలో పడి ఇల్లిల్లూ తిరిగి కసువు అడిగాడంటే ఊరు ఊరికే ఉంటుందా? దుకాణం బ్రహ్మం పాత పేపర్లలో బెల్లం పొట్లాలు కడుతూ, కట్టే ముందు వాటిని చదివే మనిషి. ఊళ్లో లోకజ్ఞానమంతా ఆయన దగ్గరే ఉందని పేరు.

"ఊరికే అడుగుతారా? కసువులోంచి కరెంటు తీసేది కనిపెట్టినట్టుండారు" అన్నాడు బ్రహ్మం. "నీళ్లల్లోంచి తీసినోళ్లకు ఇదొక లెక్కా? ముందు మనకాడ వట్టికి ఎత్తకపోయి, తరువాత తీగెలు ఏసి మనకే అమ్ముతారు."

మంగళవారం పొద్దుటికి బోడిగుట్టపల్లెలో ప్రతి పెంటదిబ్బ చుట్టూ ముళ్లకంప లేచింది. రమణమ్మ అనే ఆవిడ తన దిబ్బ మీద మంచమే వేసుకుని కూర్చుంది.

ఊళ్లో దొరక్కపోతే పట్నంలో దొరుకుతుందని సుందరరాజు ఎర్రయ్య బండి కట్టించుకుని కంభం సంతకు పోయాడు. పట్నం పట్నమే. అరటి డొప్పలు, చెరకు పిప్పి, ముదిరిన ముల్లంగి ఆకులు, హోటలు వెనక విస్తళ్లు, తెగిన చెప్పులు, అన్నీ ఉన్నాయి. బండి నిండా ఎత్తించాడు. ఇంత చెత్తను ఒక్కచోట చూడడం అతని ఉద్యోగ జీవితంలో అదే మొదలు. వాసన కూడా ఇబ్బంది పెట్టలేదు. దారి పొడుగునా ఈల వేస్తూ వచ్చాడు.

ఊరి పొలిమేరలో కాటమరాజు మంద ఎదురైంది. మూడు వందల జీవాలు. వాటికి దారి ఇద్దామని ఎర్రయ్య బండి పక్కకు తీసి నిలిపాడు. అవి దారి కోరలేదు. ముందున్న పొట్టేలు ఒక్క నిమిషం గాలి వాసన చూసి, ముందుకాళ్లు చక్రం మీద వేసింది. ఆ తర్వాత జరిగింది చెప్పడానికి ఎక్కువ సేపు పట్టదు, జరగడానికీ పట్టలేదు. సుందరరాజు చర్నాకోల తీసుకుని ఒకవైపు దూకేలోగా మేకలు రెండోవైపు నుంచి బండి మీదికే ఎక్కాయి. పిప్పి పోయింది, డొప్పలు పోయాయి, విస్తళ్లు ఈనెలతో సహా పోయాయి.

కాటమరాజు కళ్లు చెమర్చాయి. "ఎండాకాలంలో పచ్చిమేత తెచ్చి పెట్టినావు. నీ కడుపు సల్లగుండ."

బండిలో రెండు చెప్పులు మిగిలాయి. రెండూ ఎడమకాలివే. వాటిని కూడా ఎర్రయ్య తీసి చంకలో పెట్టుకున్నాడు. "తోలు మంచిది సార్. కాడికి పలుపు కట్టేదానికి పనికొస్తాది."

బుధవారం సుందరరాజు చేసేదేమీ లేక పంచాయతీ ప్రెసిడెంటు శ్రీరాములు అరుగు మీద కూలబడి, రిపోర్టులో ఏం రాశాడో, గుంటలో ఏముందో ఒప్పేసుకున్నాడు. శ్రీరాములుకు గుంట సంగతి పట్టలేదు. ఆయన చెవికి ఎక్కింది ఒక్క మాటే.

"మా ఊరికి జీపు వస్తదా?"

"వస్తుంది మామా. వచ్చి, ఖాళీ గుంట చూసి, నన్ను ఇంటికి పంపించి పోతుంది."

"అట్ల కానిస్తానా? మా ఊరికి జీపు రాక రాక వస్తావుంటే!"

ఆయన జనాన్ని పిలిపించాడు. పెంట ఎవరూ ఇచ్చేయక్కర్లేదు, ఒక్కరోజు గుంటలో పెడితే చాలు, ఆఫీసరు చూసి పోగానే శుక్రవారం ఎవరిది వాళ్లు తోలుకోవచ్చు అని చెప్పాడు. కరెంటు సంగతేమిటని బ్రహ్మం అడిగాడు. ఇది కరెంటు కాదు, కంపోస్టనీ, దానికీ దీనికీ సంబంధం లేదనీ సర్దిచెప్పాడు. మెల్లగా పదకొండు ఇళ్లవాళ్లు తలూపారు. అంతలో నాగేంద్రమ్మ లేచింది.

"ఇచ్చేది ఇస్తాం. మాది బర్రెల పెంట. ఆ రమణమ్మది సగం బూడిదే. రెండూ కలిసినాక నాది నాకు ఎట్ల వస్తాది?"

"నీ బర్రెలు ఏం తిని ఏస్తాయో నాకు తెల్దా?" అని రమణమ్మ కూడా లేచింది.

ఆ మాట తేలడానికి పూట పట్టింది. చివరికి గుంటలో జొన్నదంట్ల తడికెలు నిలబెట్టి గదులు చేయడానికీ, ఒక్కో గదికి పేరు రాసిన అట్టముక్క కట్టడానికీ ఒప్పందమైంది. సుందరరాజు పేర్లు రాస్తుంటే, జనం వెనకనుంచి హన్నా అనే ఆమె ముందుకొచ్చింది. కూలి పనులు చేసుకుంటూ, ఊరికి ఎడంగా ఉండే పాలెంలో ఉంటుంది. మిషన్ బడిలో అయిదో తరగతి దాకా చదివింది.

"మా అయిదిళ్ల మేకల పెంట గూడా పెడతాం నాయనా. ఊరంతా పెట్టేటప్పుడు మేం లేకపోతే ఎట్ల?"

శ్రీరాములు దగ్గి, "ఆ పక్క చివరాఖరుకు ఒక గది కట్టియ్యి, అందరికీ దూరంగా" అన్నాడు.

హన్నా నవ్వింది. "పెంటకు గూడా పాలెం కట్టాల్నా మామా?"

శ్రీరాములు పైకండువా సర్దుకున్నాడు. సుందరరాజు పుట్టింది కూడా పాలెంలోనే. అతను తలెత్తకుండా మొదటి గది మీద హన్నా పేరు రాశాడు. జీపు దిగగానే కనపడేది అదే.

కాటమరాజు పిల్లల్ని ఖాళీ చేయించాడు. నాలుగు బండ్లు పొద్దు గూకేదాకా తిరిగాయి. సుందరరాజు గట్టు మీద కట్టె పట్టుకుని నిలబడి కొలిచాడు. మూడడుగుల దగ్గర ఆపేయమన్నాడు. ఇంకో బండి మిగిలింది, అది కూడా పోస్తామంటే వద్దన్నాడు. గుంట ముప్పాతికే నిండాలి, రిపోర్టులో అబద్ధం ఉండకూడదు.

గురువారం తొమ్మిదింటికి జీపు వచ్చింది. కంపోస్టు ఆఫీసరు సత్యానందంగారు బక్కగా, కళ్లద్దాలతో, చేతిలో కొలత టేపుతో దిగారు. వెంట బి.డి.ఓ. ఉన్నాడు. సత్యానందంగారు గట్టు మీద నిలబడి గుంటలోకి చూశారు.

"ఈ గదులేమిటి? ఈ పేర్లేమిటి?"

"అయ్యా... ఎవరిది వాళ్లకు తెలియాలని..."

"ఎవరిది వాళ్లకు తెలియాలని!" ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "విన్నారా బి.డి.ఓ. గారూ? పదకొండేళ్లుగా జిల్లాలో గుంటలు ఎందుకు నిండటం లేదో అని తల బద్దలు కొట్టుకుంటున్నాను. అందరిదీ అంటే ఎవరిదీ కాదు. ఈ కుర్రాడు ఒక్క తడికెతో తేల్చేశాడు. ఎవరి గది వాళ్లది! ఎవరి బాధ్యత వాళ్లది! ఎవరయ్యా ఇది కనిపెట్టింది?"

"అంతా మా సుందరరాజు బుర్రే సార్" అన్నాడు శ్రీరాములు, జీపు మీద చెయ్యి వేసి.

ఉండబట్టలేక నాగేంద్రమ్మ ముందుకొచ్చింది. "అయ్యా, మా పెంట మాకు ఎప్పుడిస్తారు?"

సత్యానందంగారు బి.డి.ఓ. వైపు తిరిగారు. "చూశారా, ఎరువు కోసం ఎంత ఆత్రమో! అమ్మా, తొందరపడితే సగం కుళ్లినదే వస్తుంది. ఆరు నెలలు ఓపిక పట్టండి."

"ఆరు నెల్లా?" అని పన్నెండు గొంతులు ఒక్కసారి లేచాయి. దాన్ని ఆయన హర్షధ్వానంగా తీసుకున్నారు.

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. ఆయన పెంట మీద మట్టి మెత్తించారు. నాలుగు మూలలా గుంజలు పాతించి, చుట్టూ తాడు కట్టించి, ముడి మీద లక్క కరిగించి ముద్ర వేశారు. 'ఈ గుంటలోని ఎరువును ఆరు మాసముల వరకు ఎవరును తీయరాదు' అని రాసిన పలక పాతించారు. కొబ్బరినీళ్లు తాగి, సుందరరాజు భుజం తట్టి జీపెక్కారు.

దుమ్ము అణగగానే ఊరు సుందరరాజు వైపు తిరిగింది.

"తొలకరి పడితే పెంట లేని చేలల్లో ఏం పెరుకుతాం?" అంది రమణమ్మ. "పోయినేడు సగం పంటే వచ్చింది. ఈ ఏడు గూడా పోతే పిల్లల్ని ఎత్తుకుని వలసపోవాల్సిందే." ఆమె గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది. పెంట వచ్చేదాకా ఉండాలని అతని సైకిల్ని శ్రీరాములు అరుగు మీద గొలుసుతో కట్టేశారు.

ఏడు మైళ్లు నడిచి ఇంటికి చేరాడు.

"ఏమైంది?" అంది ఎలీషబా.

"మెచ్చుకున్నారు."

"మరి సైకిలేది?"

అతను మొదటినుంచి చెప్పాడు. చిత్రమేమంటే, గొర్రెలు బండెక్కిన చోట కూడా ఆమె నవ్వలేదు. కాగితం, కలం తెచ్చి ముందు పెట్టింది. "ఉన్నది ఉన్నట్టు రాసియ్యండి. ఉద్యోగం పోతే మా నాయన దగ్గర రెండెకరాలుండాయి, చేసుకుందాం. వాళ్ల చేలు ఎండబెట్టి వచ్చే పర్మనెంటు మనకొద్దు."

అతను రాశాడు. 'అయ్యా, బోడిగుట్టపల్లె గుంట విషయమై నన్ను మెచ్చుకున్నారు. కాని అందులో నేను చేసినది ఏమియు లేదు. గుంటలో ఉన్నదంతయు ఆ ఊరి ప్రజలదే' అని మొదలుపెట్టి, గొర్రెపిల్లలు, నలభై ఇళ్లు, సంత, అరువు, దొంగ రిపోర్టులు, రెండు పేజీల నిండా అన్నీ రాశాడు. శుక్రవారం స్వయంగా నడిచి వెళ్లి సమితి ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. ఆ వారం ఇద్దరికీ అన్నం సహించలేదు.

ఎనిమిదో రోజు గిద్యోను వచ్చాడు. చేతిలో పొడుగాటి కవరు.

"నీ ఉత్తరం బి.డి.ఓ. అందరి ముందరా పెద్దగా చదివినాడన్నా. మొదటి రెండు ముక్కలకే ఆయప్పకు గొంతు పట్టేసింది. ఇంత చేసి, నేను చేసిందేమీ లేదు, అంతా ప్రజలదే అన్నాడే, సేవకుడంటే వీడు అన్నాడు. మిగతాది చదవలేక మడిచి కర్నూలుకు పంపించినాడు."

కవరులో పర్మనెంటు ఆర్డరు ఉంది. దానితోపాటు, వచ్చే నెల దొనకొండలో ముప్పైమంది గ్రామసేవకులకు అతను 'గదుల పద్ధతి' నేర్పాలని ఇంకో ఆర్డరు.

ఆ మధ్యాహ్నమే నైరుతి మూల మబ్బు పట్టింది. సుందరరాజు బోడిగుట్టపల్లెకు పరుగెత్తినంత పని చేశాడు. వచ్చేది ఏదైనా తనే పడతాను, పెంట తీసుకోండని చెబుదామని నిశ్చయించుకున్నాడు. అతను వెళ్లేసరికి ఊరంతా గుంట దగ్గరే ఉంది. హన్నా పలక ముందు నిలబడి మళ్లీ మళ్లీ చదువుతోంది.

"నాయనా, మంచి టయానికి వచ్చినావు. ఇందులో ఎరువు తీయగూడదని ఉంది. అంతే గదా?"

"అంతే అక్కా."

"పెంట తీయగూడదని లేదు గదా?"

అందరూ సుందరరాజు మొహం చూశారు.

"గవర్మెంటు చదువు చదివినోడివి. నువ్వే చెప్పు. లోపలున్నది ఎరువైందా, ఇంకా పెంటేనా?"

సుందరరాజు తాడు కింద దూరి గుంటలో దిగాడు. హన్నా గదిలో మట్టి తొలగించి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, పిడికెడు తీసి చూశాడు. వాసన చూశాడు. రెండేళ్ల ఉద్యోగంలో మొదటిసారి, కళ్లతో చూసింది చూసినట్టు చెప్పాడు.

"పెంటే."

చీకటి పడేలోగా గుంట ఖాళీ అయింది. తడికెలు ఉన్నాయి గనుక ఎవరిది వాళ్లు ఎత్తుకున్నారు, ఒక్క తగవు కూడా రాలేదు. లక్క ముద్రకు ఈగ వాలినంత దెబ్బ తగల్లేదు. మూడోనాడు వాన పడింది. శ్రీరాములు సైకిలు గొలుసు విప్పి, తనే తుడిచి ఇచ్చాడు.

దొనకొండలో ముప్పైమంది గ్రామసేవకుల ముందు నిలబడి సుందరరాజు నిజమే చెప్పాడు. పల్లెల్లో చెత్త అంటూ ఏదీ లేదనీ, మనం నేర్పబోయే పని ఆ ఆడవాళ్లు మనకంటే ముందునుంచీ చేస్తున్నారనీ, వాళ్ల దిబ్బల జోలికి పోకుండా ఉంటే అదే పెద్ద సేవ అనీ గంటసేపు చెప్పాడు. ముప్పైమందీ తలలు వంచి రాసుకున్నారు. అయిపోయాక ముందు వరసలో ఒకాయన లేచాడు.

"చాలా బాగా చెప్పినారు సార్. ఒక్క డవుటు. ఆ గదులకు తలుపులు గూడా పెట్టాల్నా?"

సుందరరాజు పర్మనెంటు ఉద్యోగి ఆలోచించవలసినంత సేపు ఆలోచించి, "పైనుంచి ఆర్డరు రానియ్యండి" అన్నాడు.